కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఒక స్టూలు కోసం మూడు అర్జీలు

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నేను 14 ఏళ్లుగా హైదరాబాద్‌లోని బట్టల షాపుల్లో సేల్స్ పని చేస్తున్నాను. కౌంటర్ల వెనక మేము కూర్చోవడానికి స్టూళ్లు వేయించమని గత రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటి అర్జీ మీద 41 మంది ఆడవాళ్లం సంతకాలు చేశాం. రెండోదాని మీద 17 సంతకాలు ఉన్నాయి. మూడోదాని మీద ఉన్నది నా ఒక్కదాని సంతకమే. ఆ సంతకాలు ఎందుకు తగ్గిపోయాయో తమరికి తెలియాలనే ఈ ఉత్తరాన్ని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మొదటి అర్జీ ఇచ్చిన కొన్నాళ్లకు ఒక అధికారి మా షాపుకు వచ్చారు. ఆయన కోసం లోపలి గదిలోంచి కుర్చీ తెచ్చి వేశారు, టీ తెప్పించారు. ఆయన కూర్చుని రిజిస్టర్లన్నీ తిరగేసి చూస్తున్నంతసేపూ మేము ఆయనకు పది అడుగుల దూరంలో నిలబడే ఉన్నాం. మాలో ఒక్కరినైనా పిలిచి ఏమమ్మా అని అడగలేదు. మర్నాడు ఉదయం మా అర్జీ జిరాక్సు కాపీ సేటు గారి బల్ల మీద ఉంది. సంతకం చేసినవాళ్లను ఒక్కొక్కరినే పైకి పిలిచి మాట్లాడారు. నాలుగు స్టూళ్లు వచ్చిన మాట నిజమే, కానీ వారం తిరక్కుండానే అవి గోడౌన్‌లోకి వెళ్లిపోయాయి. ఇద్దరు అమ్మాయిలకు ఆ నెలాఖరుతో పని పోయింది. ఆ తర్వాత సంతకం పెట్టమని ఎవరినైనా ఏ ముఖం పెట్టుకుని అడగగలను?

అయ్యా, మా రోజు ఎలా గడుస్తుందో చెప్పనివ్వండి. ఉదయం పది గంటలకు కౌంటర్ దగ్గర నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించేదాకా నిలబడే ఉంటాం. ఆషాఢం సేల్‌లో, బతుకమ్మ, దసరా రోజుల్లో ఇంకో గంట. మధ్యాహ్నం అరగంట సేపు మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరుస్తాం, అదొక్కటే కూర్చోవడం. జనం ఉన్నప్పుడు నిలబడటం మాకు కష్టం కాదు, అది మా పని. గిరాకీ లేని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఫ్లోర్ మీద ఒక్క మనిషి లేనప్పుడు కూడా, కౌంటర్‌కు ఆనుకోకూడదు, గోడకు చేరబడకూడదు. సీసీ కెమెరాలో చూసి కింద నుంచి ఫోన్ చేస్తారు. కూర్చున్న సేల్స్ అమ్మాయిని చూస్తే వచ్చిన బేరం వెనక్కి పోతుందట. ఈ మాట ఎవరు కనిపెట్టారో తెలియదు కానీ, నన్ను చీర చూపించమని అడిగినవాళ్లలో ఒక్కరూ నువ్వు ఎందుకు కూర్చున్నావని అడగరని నా నమ్మకం.

మూత్రానికి వెళ్లాలంటే ఇన్‌చార్జిని అడిగి అయిదో అంతస్తు ఎక్కాలి. పది నిమిషాలు దాటితే నలుగురిలో అడుగుతారు. అందుకని మేము నీళ్లు తాగడమే తగ్గించుకున్నాం. నాకు రెండుసార్లు మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. పిక్కల్లో నరాలు ఉబ్బి నల్లగా తేలాయి. ఎక్కువసేపు నిలబడొద్దు, బిగుతు మేజోళ్లు వేసుకోమని డాక్టరమ్మ చెప్పింది. మేజోళ్లు కొనుక్కున్నాను. మొదటి మాట ఎలా పాటించాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

మగవాళ్లూ నిలబడుతున్నారు కదా అని తమరు అడగవచ్చు. నిలబడేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసం కూడా అడుగుతున్నాను. కానీ మా షాపులో పట్టుచీరల సెక్షన్‌లో తెల్లటి పరుపు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని చీరలు విప్పి చూపించేది మగవాళ్లే. పెద్ద బేరాలూ, వాటి మీద వచ్చే ఇన్సెంటివూ అక్కడే ఉంటాయి. గల్లా దగ్గర కూర్చునేదీ, బిల్లింగ్ చేసేదీ, ఫ్లోర్ చూసుకునేదీ వాళ్లే. జాకెట్ ముక్కలూ, ఫ్యాన్సీ చీరలూ, పిల్లల రెడీమేడ్లూ ఆడవాళ్లవి, అక్కడ పరుపులు ఉండవు. నా కళ్ల ముందు చేరిన కుర్రవాళ్లు ఇన్‌చార్జులయ్యారు. పట్టు సెక్షన్‌కు మార్చమని నేను అడిగినప్పుడు, ఆడవాళ్లు గద్దె మీద కూర్చుంటే బాగుండదన్నారు. కూర్చోవడం హోదా అయిపోయిన చోట ఆడవాళ్లకు కుర్చీ ఎందుకు లేదో వేరే చెప్పాలా అయ్యా?

మూడేళ్ల క్రితం నా పక్క కౌంటర్‌లో పనిచేసే చెల్లెలు లాంటి అమ్మాయికి ఎనిమిదో నెల. పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. ఒక స్టూలు అడిగింది. అలాంటి నెలల్లో గర్భిణి అడిగితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నాలుగో సెక్షన్‌లోనే రాసి ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమెకు వచ్చిన జవాబు, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో, మళ్లీ చూద్దాం అని. ఆ తర్వాత ఆమెను మళ్లీ పిలవలేదు. 2017లో 26 వారాల సెలవు ఇచ్చిన చట్టం ఆమె దాకా రానే లేదు. ఆడవాళ్లు ఉద్యోగాల్లో ఎందుకు నిలవడం లేదని ప్రతి మార్చి 8న సభల్లో అడుగుతుంటారు. ఆ అమ్మాయి నిలబడలేకే వెళ్లిపోయింది.

మేము గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. కోజికోడ్ మిఠాయి వీధిలో మాలాంటి ఆడవాళ్లు మొదట మరుగుదొడ్డి కోసం, తర్వాత కుర్చీ కోసం పోరాడితే, 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా సవరించింది. మన రాష్ట్రంలో షాపులు 24 గంటలూ తెరుచుకోవచ్చని 2023లో ఉత్తర్వు వచ్చింది. రాత్రి పని చేయించాలంటే ఆడవాళ్ల అంగీకారం ఉండాలని, రవాణా ఏర్పాటు చేయాలని అందులో రాశారు, సంతోషం. అంత ఆలోచించినవారికి పగలంతా నిలబడే మనిషి గుర్తుకు రాలేదా? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూర్చునే ఏర్పాటు మాట ఉందని కొందరు చెబుతున్నారు. ఉంటే దాన్ని మా షాపు గుమ్మం దాటించండి.

దయచేసి మన షాపుల చట్టంలో కూర్చునే హక్కును స్పష్టంగా రాయించండి. పది మంది కన్నా తక్కువ పనిచేసే చిన్న షాపులనూ వదలకండి, సుల్తాన్ బజార్ సందుల్లో మా ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నది అక్కడే. తనిఖీకి వచ్చే అధికారి యజమానితో కాక ముందు మాతో మాట్లాడాలని, అర్జీ పెట్టినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదని ఆదేశించండి. స్టూళ్లు వేయించండి అయ్యా, శ్రావణమాసం అమ్మకాలు మొదలయ్యేలోగా వేయించండి.

వీలైతే ఒక సాయంత్రం ఏ హంగూ లేకుండా కోఠికో, అమీర్‌పేటకో, దిల్‌సుఖ్‌నగర్‌కో తమరే రండి. ఏ షాపుకైనా వెళ్లండి. కుర్చీ వేస్తారు, వద్దనండి. మాతో పాటు ఒక గంట నిలబడండి.

ఇట్లు,
బట్టల షాపులో పనిచేసే ఒక మహిళ,
హైదరాబాద్.