బేడీల బొమ్మ సరే, చికిత్స ఎక్కడో చెప్పరా?

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లాలో డ్రగ్స్ వ్యతిరేక ర్యాలీలు బాగానే జరుగుతున్నాయి. బ్యానర్ పట్టుకుంటారు, ప్రతిజ్ఞ చేస్తారు, ఫొటో దిగుతారు. బ్యానర్ మీద బేడీల బొమ్మ ఉంటుంది గానీ, ఇప్పటికే అలవాటు పడ్డ పిల్లాణ్ని ఎక్కడికి తీసుకెళ్లాలో ఉండదు.

జడ్చర్లలో మాకు తెలిసినవాళ్ల అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ‘ఐస్’కు, అంటే మెథాంఫెటమైన్‌కు మరిగాడు. పండక్కి ఇంటికొస్తే తిండి లేదు, నిద్ర లేదు. రాత్రంతా కూలర్ విప్పి స్క్రూలు తీయడం, మళ్లీ బిగించడం. గోడ అవతల ఎవరో తన మాటలు వింటున్నారని అనుమానం. తర్వాత పడుకుంటే లేపినా లేవలేదు. గాలి సోకిందేమోనని పెద్దవాళ్లు జహంగీర్ పీర్ దర్గాకు తీసుకెళ్లారు. అసలు సంగతి తెలిశాక ఆసుపత్రికి పోవాలంటే భయం, కేసు పెడతారేమోనని.

ఇదేమీ కొత్త మందు కాదు. 1893లో జపాన్‌లో నగాయి నగయోషి ఎఫెడ్రిన్ నుంచి తయారు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైనికులు నిద్ర రాకుండా ‘పెర్విటిన్’ బిళ్లలుగా మింగారు. జపాన్‌లో యుద్ధం ముగిశాక మిగిలిన సరుకు జనంలో పడి, 1951లో ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. ఇది మెదడులో హాయి కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా పెంచేస్తుంది. మానేశాక పట్టుకునే దిగులు ఎంత తీవ్రమంటే, చనిపోవాలన్న ఆలోచనలూ వస్తాయి. మాన్పించడానికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదు. కౌన్సెలింగ్, పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

మత్తు ఉన్నట్టుండి ఆగితే ఏమవుతుందో పాలమూరుకు ఒకరు చెప్పక్కర్లేదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, అల్ప్రాజోలం కలిపిన కల్లు దొరక్క ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల్లో చేరారు. అల్ప్రాజోలం మనిషిని జోకొట్టే మందు, ఐస్ ఉరకలెత్తించేది. అయినా వాళ్లను రోగులుగా చూసిన మనం వీళ్లను దొంగల్లా చూస్తున్నాం.

చట్టం మనకంటే నయం. మత్తు పదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, తక్కువ పరిమాణంలో సరుకు దొరికిన కేసులో ఉన్న వ్యసన బాధితుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మెథాంఫెటమైన్ అయితే చట్టం లెక్కలో తక్కువ పరిమాణం అంటే 2 గ్రాముల లోపు. దొరికిన సరుకు 50 గ్రాములు దాటితే 10 ఏళ్లకు తగ్గని జైలు. అమ్మేవాడికి అది పడాల్సిందే.

64ఏ సంగతి, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబరు బ్యానర్ల మీద పెద్ద అక్షరాలతో రాయించాలని కలెక్టర్ గారిని, ఎక్సైజ్ అధికారులను కోరుతున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజు, ఏ గదిలో చూస్తారో కూడా.

– ఒక పాఠకుడు, జడ్చర్ల