కిలోమీటరు సరే, ఫుట్‌పాత్ ఏదీ?

సంపాదకుల వారికి,

ఐదో తరగతి వరకు పిల్లలకు కిలోమీటరు లోపే బడి ఉండాలని విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆరు నుంచి ఎనిమిది వరకైతే 3 కిలోమీటర్లు. ఆరేళ్ల పిల్లకి కిలోమీటరు పెద్ద లెక్కేం కాదు. దారిలో కుక్కపిల్ల కనిపించి ఆగినా అరగంటలో చేరుతుంది.

బెంగళూరులో మా మారతహళ్లి వైపు ఒకసారి నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, పక్కనే కొబ్బరిబోండాల బండి, అది దాటితే పలక లేచిపోయిన డ్రైనేజీ. ట్రాఫిక్ ఆగితే బైకులూ పైకెక్కేస్తాయి, పైగా మనకే హారన్! ఫుట్‌పాత్ గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. ఇక్కడ కొన్నిచోట్ల మా పాప మోకాలి దాకా ఉంది. ఎక్కి దిగడంలోనే సగం ఓపిక అయిపోతుంది.

‘ఈ కాలం పిల్లలు నడవరు’ అంటారు మా మామగారు. ఆయన నడిచింది పొలం గట్ల మీద, వాటర్ ట్యాంకర్ల మధ్య కాదు.

ప్రతి బడి చుట్టూ కిలోమీటరు మేర ఫుట్‌పాత్‌లు ముందు బాగుచేయండి. బడి వేళల్లో ట్యాంకర్లను ఆపండి. వ్యాన్ ఫీజు మానేసి పిల్లల్ని నడిపించడానికి మాలాంటివాళ్లం సిద్ధంగానే ఉన్నాం.

– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు