రోబో తీగల ఊసే లేదు

సంపాదకుడికి,

మీ విద్యార్థి పేజీలో రోబో పోటీల గురించి ఏం రాసినా మోటార్లు, కోడింగే. పిల్లల జట్టుకు వైరింగ్ చూసేదాన్ని కాబట్టి ఓ మాట. రోబో చేయి హద్దు దాకా వచ్చిందని బోర్డుకు చెప్పే లిమిట్ స్విచ్ లాంటి డిజిటల్ ఇన్‌పుట్‌లో (అవును, కాదు అనే రెండే స్థితులు చెప్పే సిగ్నల్‌లో) కరెంటు మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది. లావు తీగ దండగ, 22 నుంచి 26 గేజీ (అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం) చాలు. ఒంటి కడ్డీ తీగ మాత్రం వద్దే వద్దు. కుదుపులకు పిన్ను దగ్గర లోపల పుటుక్కున తెగుతుంది, పై తొడుగేమో నిక్షేపంగా కనిపిస్తుంది! సన్నటి పోగుల తీగే నయం. సిగ్నల్, గ్రౌండ్ తీగలను కలిపి మెలివేసి, మోటారు తీగలకు ఎడంగా నడపాలి. పుల్ అప్ (ఏమీ కలపనప్పుడు సిగ్నల్‌ను పై వోల్టేజీలో నిలిపే రెసిస్టర్) ఉన్న బోర్డుకు స్విచ్‌ను గ్రౌండ్‌తో నార్మల్లీ క్లోజ్డ్‌గా, అంటే నొక్కితేనే విడిపోయేలా, కలిపితే, తీగ ఊడినా నొక్కినట్టే లెక్క, రోబో చేయి ఆగిపోతుంది. టేపు చుట్టిన అతుకులను నేనైతే ఒప్పుకోను. ఇలాంటివాటికీ కాస్త చోటివ్వండి.

– ఒక రోబో జట్టు మెంటర్