గోమార్ల జ్వరం తగ్గాక బీపీ కూడా చూడాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా కుక్కకు ఆరేళ్లు. నిరుడు వానాకాలంలో దానికి గోమార్ల జ్వరం వచ్చింది. రక్తం తీసి చూసి బబీసియా అన్నారు, అంటే గోమార్లు మోసే, రక్తకణాల్లో పెరిగే పరాన్నజీవి. మందులు వాడాం, జ్వరం దిగింది, మళ్లీ అన్నం ముట్టింది. గండం గడిచిందనుకున్నాం. సంక్రాంతి నాటికి గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం, రాత్రిళ్లు ఇంట్లోనే మూత్రం పోయడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్నే గుమ్మం కనబడక గోడకు గుద్దుకుంది. వేరే డాక్టరు గారికి చూపిస్తే బీపీ 210 ఉందని, కంటి లోపలి పొర ఊడిందని చెప్పారు. మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతోంది. అప్పటిదాకా దానికి బీపీ చూసినవాళ్లు లేరు, మూత్రం పరీక్షించినవాళ్లూ లేరు. జ్వరం రోజుల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి బయటికి పంపే వ్యర్థం) ఒక్కసారి చూసి బాగుందన్నారు, అంతే.

కిడ్నీల పనితనం నాలుగింట మూడొంతులు పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగదని నాకు అప్పుడే తెలిసింది. ఒంట్లో పరాన్నజీవి ఉన్నప్పుడు దానితో పోరాడే యాంటీబాడీలు దాని ముక్కలతో కలిసి కిడ్నీల జల్లెడలో పేరుకుంటాయి. జల్లెడ పాడై ప్రొటీన్ కారుతుంది, బీపీ పెరుగుతుంది, పెరిగిన బీపీ మిగిలిన కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది. గోమార్లే తెచ్చే ఎర్లీషియాలోనూ, దోమలు మోసే గుండె పురుగు జబ్బులోనూ కిడ్నీలకు ఈ ముప్పు ఉంది. ఇసుక ఈగ వల్ల వచ్చే లీష్మేనియాతో మధ్యధరా తీర దేశాల్లో, బ్రెజిల్‌లో చనిపోయే కుక్కల్లో ఎక్కువ వాటిని బలిగొనేది కిడ్నీ జబ్బే. అందుకే ఆ జబ్బు తేలిన కుక్కకు మూత్రంలో ప్రొటీన్, బీపీ చూడమని అక్కడి నిపుణులు చెబుతారు.

పశుసంవర్ధక శాఖకు నా విన్నపం ఒక్కటే. ప్రతి జిల్లాలో కనీసం ఒక్క పశువైద్యశాలలోనైనా కుక్కలకు సరిపోయే చిన్న పట్టీతో బీపీ చూసే పరికరం, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి కొలిచే ఏర్పాటు ఉండాలి. గోమార్ల జ్వరం వచ్చిన ప్రతి కుక్కకూ తగ్గాక నెల రోజులకు ఒకసారి, ఆపైన మూడు నెలలకొకసారి ఈ రెండూ చూడాలి. ఆసుపత్రి బెదురుకే కుక్క బీపీ పెరుగుతుంది కాబట్టి కాసేపు కుదుటపడనిచ్చి నాలుగైదుసార్లు కొలవాలి. 160 దాటి అలాగే నిలిస్తే వదిలేయకూడదు. మందులు ఉన్నాయి, ఖరీదైనవీ కావు. మనుషుల బీపీ మాత్రలు సొంతంగా వేయొద్దని పెంపకందారులకు కూడా మనవి. మోతాదు డాక్టరే చెప్పాలి.

మునిసిపాలిటీల వారికి మరో మాట. గోమారి కుక్క ఒంటి మీద కంటే గోడ పగుళ్లలోనే ఎక్కువ కాలం ఉంటుంది, ఒక్కో ఆడది వేల గుడ్లు పెడుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు, రేబిస్ టీకాకు వీధికుక్కలను పట్టినప్పుడే గోమార్ల మందు కూడా వేయించండి.

మా కుక్కకు చూపు తిరిగి రాలేదు. బీపీ ఇప్పుడు 150 దగ్గర ఆగింది, రోజూ మాత్ర వేస్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు