ముందు స్టాండు వైపు చూడు

చిట్టితల్లీ,

మెడికల్ వార్డుకు మార్చారన్నావు కదా, ఇక నర్సుగా రోజూ నీ చేతిమీదుగా ఎక్కువగా వెళ్లేది సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షనే. "మోనోసెఫ్ కదమ్మా, దానికీ ఇంత హడావుడా" అని దాని బ్రాండు పేరు చెప్పి ఫోన్‌లో నవ్వావు. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ మెల్లగా ఎక్కించేటప్పుడు అందరూ గడియారం చూస్తారు. దీని దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఏదీ చూడరు, అందుకే రాస్తున్నాను.

మందు పొడి ఉన్న వయల్ మూత తీయకముందే స్టాండుకి ఏ సీసా వేలాడుతోందో చూడు. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రవం) అయితే అక్కడే ఆగు. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ దానితో కలిస్తే కరగని తెల్లటి పలుకులుగా విరుగుతుంది. డ్రిప్ సెట్‌లో తెల్లగా కంటికి కనబడితే ఆపేయొచ్చు, కనబడనంత సన్నగా ఉంటేనే ప్రమాదం. పెద్దవాళ్లకైతే ఆర్‌ఎల్ ఆపి, నార్మల్ సెలైన్‌తో లైను కడిగి, మందు ఇచ్చి, మళ్లీ కడిగి, అప్పుడు ఆర్‌ఎల్ తిప్పు. వై-పోర్టు (డ్రిప్ గొట్టం పక్కన మందు ఇచ్చే దారి) నుంచి ఇస్తే కలవవులే అనుకోకు, అక్కడి నుంచి నరంలో ఉన్న క్యాన్యులా దాకా రెండిటికీ దారి ఒకటే. కాల్షియం గ్లూకోనేట్‌కీ ఇదే నియమం. వాంకోమైసిన్, అమికాసిన్ కూడా దీనితో ఒకే సిరంజిలో, ఒకే సీసాలో పడకూడదు.

28 రోజుల లోపు పసిబిడ్డ సంగతి వేరు. కాల్షియం ఉన్న ద్రవం నరానికి ఎక్కుతున్నా, ఎక్కించబోతున్నా ఈ మందు అసలు వద్దు. వేరే చేతికి వేరే లైను పెట్టినా వద్దు. అలా రెండూ పడిన నవజాత శిశువులు కొందరు చనిపోతే ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో ఆ పలుకులే దొరికాయి. కామెర్లున్న బిడ్డకూ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ కూడా ఇవ్వరు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఉన్న బిలిరుబిన్‌ని, అంటే కామెర్ల పసుపు పదార్థాన్ని, ఇది పక్కకు తోస్తుంది, విడిపోయిన బిలిరుబిన్ మెదడుకు చేరొచ్చు. ఇలాంటి పసిబిడ్డలకు డాక్టర్లు సాధారణంగా సెఫోటాక్సిమ్ రాస్తారు.

పేర్లతో తిప్పలు మొదలయ్యేది కూడా ఇక్కడే. సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్, సెఫోపెరజోన్ అన్నీ దాదాపు ఒకే రకం తెల్లపొడులే, చాలాసార్లు ఒకే ట్రేలో ఉంటాయి. సెఫ్ట్రియాక్సోన్‌తో సల్‌బాక్టమ్ అనే మరో మందు కలిసిన వయల్ మీద 1.5 గ్రాములని ఉంటుంది, అందులో సెఫ్ట్రియాక్సోన్ ఒక గ్రామే. కేస్ షీట్‌లో ఉన్న పేరునీ లేబుల్ మీద పేరునీ చివరి అక్షరం దాకా కలిపి చదువు.

కలపడం దగ్గర కొంచెం నిదానించు. రబ్బరు మూత స్పిరిట్‌తో తుడిచి, తడి ఆరనివ్వు. నరానికైతే 1 గ్రాము వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్, గోడ వెంబడి జారేలా వదిలి, మెల్లగా తిప్పు. లేత పసుపు రంగు వస్తే భయపడకు, అది దాని సహజ రంగే. మసకగా ఉన్నా, పొడి తేలుతున్నా పారేయ్. పెద్దవాళ్లకు 1 గ్రాము నేరుగా ఇవ్వాలంటే 2 నుంచి 4 నిమిషాలు పట్టాలి. 2 గ్రాములైతే 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో వేసి అరగంటలో ఎక్కించు.

పిల్లలకు లెక్క ఇంకా సరిగ్గా ఉండాలి. పొడి కూడా కొంత చోటు తీసుకుంటుంది. 9.6 మి.లీ. నీళ్లు వేస్తే మొత్తం 10 మి.లీ. అవుతుంది, ఒక్కో మి.లీ.లో 100 మి.గ్రా. 12 కిలోల పిల్లాడికి కిలోకి 50 మి.గ్రా. చొప్పున రాశారనుకో, 600 మి.గ్రా. అంటే 6 మి.లీ. దాన్ని సెలైన్‌లో కలిపి కనీసం అరగంట ఎక్కించాలి, సిరంజితో తోసేయకూడదు. మిగిలిన 4 మి.లీ. రేపటికి పనికొస్తుందని పిల్లాడి వాళ్లు ఫ్రిజ్‌లో పెట్టమంటారు. వాళ్ల డబ్బు బాధ నిజమే, కానీ ఆ వయల్‌లో క్రిములను ఆపే మందేమీ ఉండదు, సూది ఒకసారి దిగిపోయింది.

కండకైతే 1 గ్రాముకి 1 శాతం లిగ్నోకెయిన్ (తిమ్మిరెక్కించే మందు) 3.5 మి.లీ., ఒక చోట 1 గ్రాము మించకుండా. ఉత్త నీళ్లతో ఇస్తే రోగి మంచం మీద నుంచి లేచిపోతాడు. వార్డులో దొరికేది చాలావరకు 2 శాతం సీసా కాబట్టి సగానికి సగం స్టెరైల్ వాటర్ కలపాలి. లిగ్నోకెయిన్‌తో కలిపిన ఆ సిరంజి పొరపాటున కూడా నరానికి వెళ్లకూడదు, గుండె లయ తప్పుతుంది. కలిపిన వెంటనే "కండకు" అని రాసి అంటించు.

చర్మంలోకి కొంచెం వేసి చూసే టెస్ట్ డోస్ మీద మాత్రం మరీ నమ్మకం పెట్టుకోకు. వార్డు పద్ధతి అయితే చెయ్యి, కానీ దద్దు రాలేదంటే మందు పడుతుందని హామీ కాదు. "ఇంతకుముందు ఏ ఇంజెక్షనైనా పడలేదా?" అని అడుగు. పెన్సిలిన్ పడలేదంటే ఏమైందో అడుగు. వాంతులా, దద్దుర్లా, ఊపిరాడక పడిపోయారా అన్నదాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. మొదటి డోసు పడ్డాక కాసేపు మంచం దగ్గరే ఉండు. దద్దుర్లతో పాటు ఎగపోత, గొంతు బిగుసుకోవడం, బీపీ పడిపోవడం కనబడితే మందు ఆపి, డ్యూటీ డాక్టర్ని కేకేసి, పడుకోబెట్టి కాళ్లు ఎత్తు. ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే కూర్చోనివ్వు. పెద్దవాళ్లకు అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ బయటివైపు కండకు. 5 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ. ముందు ఎవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్టిజోన్ (స్టెరాయిడ్) వెతుక్కుంటూ కూర్చుంటే సమయం పోతుంది, అవి తర్వాతి సంగతి. అడ్రినలిన్ ఆంప్యూల్ ట్రేలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకో.

ఇంకో రెండు మాటలు. రక్తంలో క్రిములు చూసే కల్చర్ పరీక్ష రాసి ఉంటే మొదటి డోసుకు ముందే రక్తం తియ్యి. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్లకు మాత్రం దానికోసం గంటలు ఆపొద్దు, తొలి గంటలోనే మందు పడాలి. నాలుగు రోజులయ్యాక కుడివైపు పొట్టపైన నొప్పంటే డాక్టరుకు చెప్పు. ఈ మందు పిత్తాశయంలో బురదలా పేరుకుంటుంది, స్కానింగ్‌లో రాళ్లలా కనబడుతుంది, మందు ఆపాక చాలామందిలో దానంతట అదే పోతుంది. టైఫాయిడ్‌లో జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు. మూడో రోజుకే "ఇంజెక్షన్ మార్చండి" అని ఇంటివాళ్లు నీ మీదికే వస్తారు, చార్ట్‌లో జ్వరం గీత చూపించి చెప్పు.

అమ్మ