నేల ఉసిరి ఎక్కడ కోశావు, అమ్మమ్మా?

పర్లాకిమిడి
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. కానీ ఇది పూర్తిగా చదువు. ఇంట్లో అందరూ బాగున్నారు, చెల్లికి బరంపురంలో సీటొచ్చింది, మహేంద్రతనయ నిండుగా పారుతోంది. అంతే. చెప్పాల్సింది మావయ్య గురించి.

పెరటి వెనక పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే షెడ్డు, అదేరా, మన ‘ఇంద్రలోకం’! పదేళ్లుగా మావయ్య ఆ పొగలోనే ఉన్నాడు. వేసవి నుంచి కడుపునొప్పి, మలబద్ధకం, మొహం పాలిపోవడం. గ్యాస్ అనుకున్నాం. చివరికి రక్తం పరీక్ష చేయిస్తే సీసం డెసిలీటరుకి 62 మైక్రోగ్రాములు! 5 ఉన్నా సరే, ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. లివర్ ఎంజైములు కూడా పెరిగాయి. పని మానిపించి, సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపే మందు రాశారు డాక్టరు గారు.

లివర్ అనే మాట వినగానే అమ్మమ్మ ఊరుకుంటుందా? రోజూ పొద్దున్నే నేల ఉసిరి నూరి మజ్జిగలో పోసేది. నేనూ అడ్డు చెప్పలేదు. ఎందుకంటే మా ల్యాబులో కళ్లారా చూశాను. లెడ్ ఎసిటేట్ అనే సీసపు లవణం ఇచ్చిన ఎలుకలకి ఆకు సారం కూడా ఇస్తే ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, అంతగా పెరగదు. సీసం పోయి కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని పట్టుకుంటుంది, కణానికి కాపలా పోతుంది. ఆ లోటుని ఆకుల్లోని ఫినాల్ పదార్థాలు కొంత పూడుస్తాయి. అయితే అది ఎలుకల్లో, కొలిచి ఇచ్చిన మోతాదులో. పైగా కాలేయానికి దెబ్బ తగ్గడం వేరు, ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కునే సీసం బయటికి పోవడం వేరు. ఆ తేడా ఇంట్లో గట్టిగా చెప్పి ఉండాల్సింది.

నెల తర్వాత మళ్లీ పరీక్ష. 59! పని మానేసినా, మందు వాడినా ఇంతేనా? రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారగానే అమ్మమ్మ బుట్ట పట్టుకుని బయల్దేరితే వెనకే వెళ్లాను. ఎక్కడ కూర్చుందనుకున్నావ్? షెడ్డు వెనక గోడ పక్కన, బ్యాటరీ మడ్డి పారబోసే చోట! వానలకి అక్కడ నేల ఉసిరి గుబురుగా లేచింది. ఒక రెమ్మ తిరగేశాను. ఆకుల కింద చిన్న చిన్న పచ్చికాయలు వరసగా ఉన్నాయి. ఆకుని వేలితో రుద్దితే బూడిదరంగు పొడి అంటుకుంది.

నా నోట మాట రాలేదురా. చెప్పగానే అమ్మమ్మ అక్కడే కూలబడింది. “నా చేత్తో నేనే పోశానా?” అంది. మందు మంచిదే అమ్మమ్మా, చోటు చెడ్డదని ఎన్నిసార్లు చెప్పినా బుట్ట ముట్టుకోలేదు. రెండు రోజులు అన్నం తినలేదు. గంగిరెద్దు రోజున ఎలా ఏడ్చిందో నీకు తెలుసుగా, అంతకన్నా ఎక్కువ.

పసరు ఆపేశాం. డాక్టరు గారికీ అంతా చెప్పాం, ఆయన కోప్పడలేదు. షెడ్డుకి తాళం పడింది. కానీ శీనూ, మావయ్య పనిబట్టలు ఇన్నేళ్లూ పిల్లల బట్టలతో కలిపే ఉతికారు. బుజ్జిగాడు ఆ గోడ పక్కనే గోళీలాడేవాడు. నిన్న వాడికీ రక్తం తీశారు. గురువారం రిపోర్టు. అత్త అయితే...

బావ బండి తీస్తున్నాడు, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. గురువారం సాయంత్రం ఫోన్ దగ్గరే ఉండు.

నీ
గోపి