నువ్వు రైలెక్కిన తరవాత

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

అమ్మ ఆపరేషన్ బాగా అయింది, ఇక బయల్దేరమని నిన్ను ఐదో రోజు రైలెక్కించింది నేనే. తరవాత జరిగింది చెప్పలేదని మొన్న ఏడ్చావు. తప్పు నాదే. ఫోన్లో నోరు పెగల్లేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మ మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బి పగిలింది కదా, ఆ బుడగకి క్లిప్పు పడితే గండం గడిచిందనుకున్నాను. కాదట. మెదడు చుట్టూ కారిన రక్తం వల్ల మూడు నాలుగు రోజులకి మిగతా నాళాలు బిగుసుకుంటాయట. ఏడు నుంచి పదో రోజు దాకా మరీ ఎక్కువ.

రోజూ పొద్దున్నే ఒకమ్మాయి, నాళాల్లో రక్తం పారే వేగం కొలిచే డాప్లర్ మెషీన్ తోసుకుంటూ వచ్చేది. అమ్మ ఎడమ కణతకి జెల్ రాసి, చెవి ముందు ప్రోబ్ ఆనించి, వెంట్రుకవాసి అటూ ఇటూ కదుపుతూ వెతికేది. ఎముక పల్చగా ఉన్నచోటే అల్ట్రాసౌండ్ లోపలికి పోతుంది. పెద్దవయసు ఆడవాళ్ళలో కొందరికి ఆ దారి దొరకనే దొరకదట. మీ అమ్మకి దొరికింది. దొరకగానే హుష్, హుష్ అని తన నెత్తురు పరుగెత్తే చప్పుడు వినబడేది. ముప్పై రెండేళ్ళ కాపురంలో అది వినడం అదే మొదలు. 1982లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రూనె ఆస్లిడ్ అనే ఆయన ఈ పద్ధతి తెచ్చాడట. ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

సెకనుకు అరవై సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాల్సిన వేగం ఆరో రోజు 95, ఏడో రోజు 148. రక్తం జోరుగా పారితే మంచిదేగా అన్నాను. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డం పెట్టినట్టు చూపించారు డాక్టరుగారు. మెడ దగ్గరా కొలిచారు. లోపలి వేగం దానికి మూడు రెట్లు దాటింది కాబట్టి నాళం బిగుసుకోవడమేనన్నారు. అప్పటికి అమ్మ ఇడ్లీ తింటూ నీ సంగతులే అడుగుతోంది!

ఎనిమిదో రోజు 186. మధ్యాహ్నం మాట తడబడింది, కుడిచేతిలో చెంచా నిలవలేదు. వాళ్ళు పొద్దుటి నుంచీ కాచుకునే ఉన్నారు. వెంటనే స్కాన్ తీసి, బీపీ పెంచే మందు ఎక్కించారు. ఇరుకు నాళంలోంచి రక్తాన్ని నెట్టడానికట. క్లిప్పు ఉంది కాబట్టి పెంచొచ్చన్నారు. రాత్రి ఏడింటికి నా వేలు గట్టిగా పట్టుకుంది. అప్పుడైనా నీకు ఫోన్ చెయ్యాల్సింది.

పన్నెండో రోజుకి 110కి దిగింది. నాలుగు గంటలకోసారి నిమోడిపిన్ అనే మందు, అర్ధరాత్రి కూడా లేపి, 21 రోజులూ వేశారు.

నిన్న కూర్చుని మల్లెపూలు కట్టింది. ముళ్ళు వదులుగా పడుతున్నాయని విసుక్కుంది. వచ్చే నెల చెకప్‌కి నువ్వే తీసుకెళ్ళు. ఇకమీదట ఏ అంకె వచ్చినా ఆ పూటే నీకు చెప్తాను తల్లీ.

మీ నాన్న